రెంటచింతల ఎండ చూసినోడికి ఈ ఎండ ఒక లెక్కా?

ప్రశ్న: అన్నా, మాది పల్నాడు, రెంటచింతల పక్కన పల్లె. తొమ్మిదేళ్ళుగా కాలిఫోర్నియాలో, ఫోల్సమ్‌లో ఉంటున్నా. వయసు 37. పోయిన డిసెంబర్‌లో రోడ్డు మారథాన్ 4 గంటల 25 నిమిషాల్లో చేశా. ఇప్పుడు జులై రెండో శనివారం ఆబర్న్ దగ్గర లోయల్లో ఒక 50కే ట్రయల్ రేస్‌కి, అంటే కొండ బాటల్లో 50 కిలోమీటర్ల పరుగుకి, డబ్బులు కట్టేశా, ఇంకా 5 వారాలుంది. ఇక్కడి ఫ్రెండ్స్ అంతా ఆ రోజు 100 ఫారెన్‌హీట్, అంటే మన 38 డిగ్రీలు, దాటుద్ది జాగ్రత్త అంటున్నారు, నాకైతే నవ్వొస్తుంది, 45 డిగ్రీల్లో మిట్టమధ్యాహ్నం క్రికెట్ ఆడినోళ్ళం మనం. మా ఆవిడ క్యాన్సిల్ చేయమంటుంది. అమ్మ ఫోన్ చేసి జేబులో ఉల్లిపాయ పెట్టుకోమంటుంది. నీళ్ళు ఎంత తాగాలో, సాల్ట్ క్యాప్సూల్స్ ఎన్ని వేసుకోవాలో చెప్తే చాలు. అన్నట్టు బీపీకి రోజూ ఒక చిన్న ట్యాబ్లెట్ వేసుకుంటా, అది కంట్రోల్‌లోనే ఉందిలే.

సమాధానం:

తమ్ముడూ, నీ ఉత్తరం ఆఖరి లైన్ నుంచి మొదలుపెడతా. నువ్వు "అన్నట్టు" అని తేలిగ్గా వదిలేసిన ఆ చిన్న ట్యాబ్లెట్టే నాకు మిగతా ఉత్తరం మొత్తం కన్నా పెద్దగా కనపడింది. బీపీ మందుల్లో చాలా రకాలున్నాయి, కొన్ని ఒంట్లోంచి ఉప్పునీ నీళ్ళనీ బయటికి తోసేస్తాయి, అంటే రేస్ మొదలుపెట్టకముందే నీ ట్యాంక్ కొంచెం ఖాళీ. ఇదే మందు వేరే మందుతో కలిపి ఒకే బిళ్ళలో వస్తుంది కాబట్టి వేసుకుంటున్నట్టు కూడా చాలామందికి తెలీదు, సీసా మీద పేరు చివర హెచ్‌సీటీజడ్ అని ఉందేమో ఒకసారి చూడు. ఇంకో రకం గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి, అప్పుడు నీ వాచీలో హార్ట్ రేట్ 140 చూపించి నువ్వు హాయిగా ఉన్నాననుకుంటే అది అబద్ధం. ఇంకో రకం, పేరు చివర ప్రిల్ అనో సార్టాన్ అనో ఉండేవి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీల మీద భారం పెంచుతాయి, దాని మీద నువ్వు మోకాలు నొప్పని ఐబూప్రొఫెన్ కూడా వేశావనుకో, ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి ఈ వారమే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. "ఎక్సర్‌సైజ్ చేయొచ్చా" అని అడక్కు, చెయ్యండి మంచిదే అంటారు. "38, 40 డిగ్రీల ఎండలో 8 గంటలు కొండలెక్కుతూ పరిగెత్తబోతున్నా, ఈ మందుతో ఫరవాలేదా" అని అదే మాటలతో అడుగు. నీ అంతట నువ్వు మాత్రం ట్యాబ్లెట్ ఆపకు. అలర్జీకి బెనడ్రిల్ లాంటివి వేసుకునే అలవాటుంటే అదీ చెప్పు, అవి చెమటని తగ్గిస్తాయి.

ఇంక నీ నవ్వు సంగతి. నాక్కూడా ఒకప్పుడు అదే నవ్వు ఉండేది. మాది కొత్తగూడెం, బొగ్గుగనుల ఊరు, రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటే సామెత అనుకోలేదు, నిజంగా ఎక్కడో పగిలే ఉంటుందిలే అనుకుని పెరిగాం. ఏడేళ్ళ క్రితం నువ్వు పరిగెత్తబోయే ఆ లోయల్లోనే, జులైలోనే, నేనూ ఒక 50కేకి పోయా. 20 మైళ్ళ దాకా నాకన్నా తెల్లోళ్ళు ఎర్రగా ఉడికిపోతుంటే లోపల్లోపల గర్వపడ్డా. 22వ మైలు దగ్గర తాగిందంతా బయటికొచ్చేసింది. తర్వాత ఎయిడ్ స్టేషన్‌లో, అంటే దారిలో నీళ్ళూ తిండీ ఇచ్చే చోట, వాలంటీర్ ఒకామె, అరవై దాటిన పెద్దావిడ, ఇవాళ ఏ వారం అని అడిగిందంట, నేను తెలుగులో "శనారం గదా" అన్నానంట, ఆమెకి అర్థంగాక మళ్ళీ అడిగితే మళ్ళీ తెలుగులోనే విసుక్కున్నానంట. ఇదంతా తర్వాత వేరేవాళ్ళు చెప్తే తెలిసింది, నాకైతే నేను ఇంగ్లీషులో చాలా మర్యాదగా మాట్లాడినట్టే గుర్తు. జవాబు కరెక్టే కానీ నేను ఎవరితో ఏ భాషలో మాట్లాడుతున్నానో నాకే తెలీదన్నమాట. పట్టుకుని మెడకీ చంకల్లోకీ ఐసు పెట్టి, చన్నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టారు. రేస్ అక్కడితో సరి. బతికిపోయా.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే తెలిసొచ్చిందేంటంటే మనం ఎండకి అలవాటుపడ్డామని అనుకుంటాం గానీ మన ఊళ్ళల్లో ఎవరూ ఎండతో పోట్లాడరు. గుర్తు తెచ్చుకో, మీ మిరప చేలల్లో కూలికి పోయేవాళ్ళు తెల్లారకముందే పోయి ఎండ ముదిరేలోపు ఇంటికొచ్చేయాలని చూస్తారు, మధ్యాహ్నం రోడ్డు మీద కాకి కూడా ఉండదు, తలకి తువాలు లేకుండా పెద్దోళ్ళు గడప దాటరు, తప్పక ఎండలో పని చేయాల్సొచ్చినోళ్ళే ప్రతి ఏడూ వడదెబ్బకి పోతుంటారు. నువ్వు ఆడిన క్రికెట్‌లో కూడా సగం సేపు చింతచెట్టు కింద బ్యాటింగ్ కోసం ఎదురుచూసి ఉంటావు. ఆ తెలివి మనతో తెచ్చుకోకుండా ఒక్క గర్వం మాత్రం తెచ్చుకున్నాం.

ఇంకో సంగతి, ఒంటికి ఎండ అలవాటు అనేది పుట్టుకతో వచ్చి ఉండిపోయేది కాదు. వేడిలో రోజూ గంట, గంటన్నర కష్టపడితే 10 నుంచి 14 రోజుల్లో వస్తుంది, మానేస్తే మూడు నాలుగు వారాల్లో చాలావరకు పోతుంది. వచ్చినప్పుడు ఏమవుద్దంటే మొదటి నాలుగైదు రోజుల్లోనే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, అందుకే అదే స్పీడ్‌కి గుండె తక్కువ కొట్టుకుంటుంది, చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. నువ్వు తొమ్మిదేళ్ళుగా ఏసీ ఇల్లు, ఏసీ కారు, ఏసీ ఆఫీసు, పొద్దున 5:30కి చల్లగాలిలో పరుగు. రెంటచింతల నీ ఆధార్ కార్డులో ఉంది గానీ నీ రక్తంలో ఇప్పుడు లేదు. నీ పక్కన పరిగెత్తే ఆబర్న్ కుర్రాడు జూన్ అంతా మధ్యాహ్నం ఆ కొండల్లో తిరిగుంటే వాడే నీకన్నా పెద్ద పల్నాటోడు.

5 వారాలుంది కదా, బోలెడు టైమ్. మొదటి రెండు వారాలు మామూలుగా నీ మైళ్ళు నువ్వు చెయ్యి, కొండలు ఎక్కడం దిగడం ఎక్కువ చెయ్యి, ఎందుకంటే దిగేటప్పుడే తొడలు పోతాయి. తర్వాత రేస్‌కి మూడు వారాల ముందు నుంచి పొద్దున పరుగుల్లో కొన్నిటిని సాయంత్రం నాలుగు గంటలకి మార్చు, ఫోల్సమ్‌లో అప్పుడు ఎండకి కరువేం ఉండదు. మొదటి రోజు 30 నిమిషాలు, అది కూడా నడక, పరుగు కలిపి. మెల్లగా గంటకి, గంటన్నరకి తీసుకెళ్ళు. ఒక్కడివే నిర్జనమైన ట్రయల్ మీదకి పోవద్దు, ఇంటి చుట్టూ తిరుగు, బోర్ కొట్టినా పర్లేదు, ఆవిడకి కిటికీలోంచి కనపడాలి. ఆఫీస్ వల్ల సాయంత్రం కుదరని రోజు పొద్దున పరుగు అవగానే 40 డిగ్రీల వేడినీళ్ళ టబ్‌లో మెడ దాకా మునిగి 20 నిమిషాలతో మొదలుపెట్టి ఓపికున్నంత, 40 నిమిషాల దాకా కూర్చోవచ్చు, దీని మీద పరిశోధనలు జరిగాయి, ఆరు రోజులు వరసగా చేస్తే తేడా తెలిసింది. కానీ నీకు బీపీ మందు ఉంది కాబట్టి ఇది కూడా డాక్టర్‌ని అడిగాకే, ఇంట్లో మనిషి ఉన్నప్పుడే, లేచేటప్పుడు గబుక్కున లేవకుండా. రేస్‌కి నాలుగు రోజుల ముందు ఈ ఎండ గోల అంతా ఆపేసి నిద్రపో. ఆ వారంలో జ్వరమో విరేచనాలో వచ్చాయంటే డబ్బులు పోయాయనుకుని మానేయడమే, అలా ఉన్నప్పుడు ఎంత ట్రైనింగ్ ఉన్నా ఒళ్ళు వేడిని ఆపుకోలేదు.

ఇప్పుడు నువ్వడిగిన నీళ్ళు, ఉప్పు. గంటకి ఇన్ని అని నేను చెప్తే అది నా ఒంటి లెక్క అవుద్ది గానీ నీది కాదు. నువ్వే కొలుచుకో, చాలా ఈజీ. వేడిలో గంట పరిగెత్తే ముందు బట్టల్లేకుండా బరువు చూసుకో, వచ్చాక ఒళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసుకో, మధ్యలో తాగింది కలుపు. 76 కిలోలుండి 74.8 అయ్యావు, అరలీటరు తాగావు అంటే గంటకి 1.7 లీటర్లు చెమట. అయితే ఆ 1.7 లీటర్లూ తాగి పూడ్చాలని చూడకు, చాలామంది కడుపు గంటకి లీటరు దాటితే పట్టదు, అటూ ఇటూ ఊగి మొత్తం బయటికొస్తుంది, నాకు జరిగిందదే. దాహాన్ని బట్టి తాగు, కొంచెం బరువు తగ్గితే తగ్గనీ. బరువు పెరిగిందంటే మాత్రం భయపడాలి. ఎందుకంటే నీళ్ళు ఎక్కువై రక్తంలో సోడియం పల్చబడడం అనేది వేరే ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువుంది, అదే రేస్‌లో 28 ఏళ్ళ అమ్మాయి దీనివల్లే చనిపోయింది. ఎవరికెక్కువ వచ్చిందో తెలుసా, పరుగులో బరువు పెరిగినోళ్ళకీ, 4 గంటలు దాటి మెల్లగా వచ్చినోళ్ళకీ. మెల్లగా పోయేవాడికి ప్రతి టేబుల్ దగ్గరా ఆగి తాగే తీరిక ఉంటుంది కదా. నీది 4 గంటల 25 నిమిషాలు, నాదీ అంతే, మనిద్దరం ఆ బ్యాచే.

సాల్ట్ క్యాప్సూల్స్ మీద నీకున్నంత నమ్మకం నాకు లేదు. ఉప్పు కావాలి, గంటకి 300 నుంచి 600 మిల్లీగ్రాముల సోడియం చాలామందికి సరిపోతుంది, టీషర్ట్ ఆరాక తెల్లగా ముగ్గేసినట్టు అయ్యేవాళ్ళకి ఇంకొంచెం. క్యాప్సూల్‌లో ఎంతుందో డబ్బా మీద చూసి లెక్కేసుకో, డ్రింక్‌లోనూ తిండిలోనూ వచ్చేది కూడా అందులోంచే తీసెయ్యి. కానీ క్యాప్సూల్స్ వేసుకుంటున్నా కదా అని నీళ్ళు కడవలు కడవలు తాగితే ఆ ఉప్పు నిన్ను కాపాడదు. పైగా బీపీ మనిషివి, ఇది కూడా డాక్టర్ చెవిన వెయ్యి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే, ఒక లీటర్‌కి ఒక ప్యాకెట్ అని రాసుంటే అలాగే కలపాలి, చేత్తో అంచనా వెయ్యకూడదు. రేస్ ముందురోజు ఉప్పేసిన పల్చటి మజ్జిగ, పెరుగన్నం, ఇంతకన్నా మంచి తిండి నాకు కనపడలేదు, ట్రయల్ మీదికి మాత్రం మజ్జిగ తీసుకుపోవద్దు, రెండు గంటల్లో ఏమవుద్దో ఊహించుకో.

అసలు మంత్రం నీళ్ళు తాగడం కన్నా నీళ్ళు పోసుకోవడం. పరిగెత్తేటప్పుడు ఒళ్ళు ఖర్చు పెట్టే శక్తిలో నాలుగో వంతు కూడా కాళ్ళు కదపడానికి పోదు, మిగతాదంతా వేడే. మామూలుగా ఆ వేడి చర్మం మీంచి గాల్లోకి పోతుంది, కానీ గాలే చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు అదే తిరిగి నిన్ను కాలుస్తుంది, ఇక మిగిలిన దారి ఒక్కటే, చెమట ఆరడం. విజయవాడ, వైజాగ్‌లో ఉక్కపోతకి చెమట ఆరక కారిపోతుంది, ఆబర్న్‌లో పొడి గాలి కాబట్టి పట్టినట్టే తెలీదు, చెయ్యి పొడిగా ఉంది కదా నాకు చెమటే పట్టట్లేదు అనుకుంటావు, అక్కడే మోసపోతాం. అందుకని పల్చటి తెల్ల ఫుల్‌హ్యాండ్స్ వేసుకుని అది ఎప్పుడూ తడిగా ఉంచు. మెడకి గుడ్డ సంచీలా కుట్టి అందులో ఐసు నింపు, టోపీలో ఒక గుప్పెడు ఐసు, ప్రతి ఎయిడ్ స్టేషన్‌లోనూ ముందు ఐసు, తర్వాతే తిండి. దారిలో చిన్న వాగు కనపడితే ఆగి టోపీ ముంచి నెత్తిన పెట్టుకో, ఆ ఒక్క నిమిషం తర్వాత పది నిమిషాలు తెచ్చిపెడుతుంది. అమెరికన్ రివర్‌లోకి మాత్రం దిగకు, పైకి ప్రశాంతంగా కనిపించి లాగేసుకుంటుంది. నీడలో రాయి మీద కూలబడేముందు కింద ర్యాటిల్ స్నేక్ ఉందేమో చూసుకో, మూడు ఆకుల పాయిజన్ ఓక్‌కి ఒళ్ళు తగలనీకు.

ఆ లోయల సంగతి ఇక్కడి పెద్ద రన్నర్లకి బాగా తెలుసు. 1974లో గోర్డీ ఐన్స్‌లీ అనే ఆయన గుర్రాల 100 మైళ్ళ పోటీలో గుర్రం లేకుండా పరిగెత్తి 23 గంటల 42 నిమిషాల్లో ఆబర్న్ చేరాడు, అలా మొదలైందే వెస్టర్న్ స్టేట్స్ రేస్. జూన్ చివర్లో జరిగే ఆ రేస్‌లో ఎండ మామూలుగా ఉండదు, లోయ అడుగున గాలాడదు, రాళ్ళు పొయ్యి మీద పెనంలా కాగుతుంటాయి. 2006లో అయితే అందరికన్నా ముందు ఆబర్న్ స్కూల్ ట్రాక్ మీదికి వచ్చిన రన్నర్ ఫినిష్ లైన్ ఇంకా 300 మీటర్లు ఉందనగా కుప్పకూలాడు, పట్టుకుని నడిపించారని డిస్‌క్వాలిఫై చేశారు. మొదటి స్థానంలో ఉన్నోడి పరిస్థితే అది.

నీ రేస్ పొద్దున 6కి మొదలైందనుకో, నువ్వు 8 గంటలు తీసుకుంటే చివరి మూడు గంటలు మిట్టమధ్యాహ్నం. అందుకని అందరికీ ఒక ఐడియా వస్తుంది, ఎండ రాకముందే గబగబా సగం కొట్టేద్దాం అని. వద్దు. స్పీడ్‌గా పోతే వేడి పుట్టించేది నువ్వే, పొద్దున పదింటికే లోపల ఉడికిపోయి ఉంటావు, తర్వాత వచ్చే ఎండకి చోటుండదు. మొదటి గంట పక్కనోడితో పూర్తి వాక్యాలు మాట్లాడుకుంటూ పోయే స్పీడే. పైకెక్కే ప్రతి చోటా నడువు, సిగ్గుపడకు, ఆ కొండల్లో గెలిచేవాళ్ళు కూడా కొన్నిచోట్ల నడుస్తారు. డిసెంబర్ మారథాన్ పేస్ గురించి వాచీ ఏదో చెప్తుంది, ఆ స్క్రీన్ తీసెయ్యి. రెండు లీటర్లు పట్టే బ్యాగ్ తీసుకో, మ్యాప్‌లో ఎయిడ్ స్టేషన్ల మధ్య దూరాన్ని మైళ్ళల్లో కాకుండా గంటల్లో చూడు, 6 మైళ్ళంటే రోడ్డు మీద గంట, మధ్యాహ్నం ఆ లోయలో రెండు గంటలు పట్టొచ్చు. అడవి తగలబడి పొగ వచ్చిన రోజైతే ఇదంతా దండగ, ఇంట్లో ఉండు.

ఇప్పుడు మీ ఆవిడ. క్యాన్సిల్ చేయమంటుందని చెప్పావు, కానీ ఏం చూసి భయపడుతుందో అడిగావా? ఆమెని రేస్‌కి తీసుకెళ్ళు, రూల్స్ ఒప్పుకుంటే ఎయిడ్ స్టేషన్‌లో ఉండమను, కూలర్ నిండా ఐసు, బకెట్, రెండు తువాళ్ళు ఇచ్చి ఈ పేరా చదివించు. అమ్మా, వడదెబ్బంటే చెమట ఆగిపోయి చర్మం పొడిబారుతుందని మనకి చిన్నప్పుడు చెప్పారు, పరిగెత్తేవాళ్ళకి అలా ఉండక్కర్లేదు, చెమటలు కారుతూనే లోపల టెంపరేచర్ 40 దాటిపోయి ఉంటుంది. చూడాల్సింది మాట, నడక. తూలుతున్నాడా, ఊరికే విసుక్కుంటున్నాడా, అడిగిందానికి సంబంధం లేకుండా చెప్తున్నాడా. పదమూడో ఎక్కం చెప్పమనండి. తప్పు చెప్పినా నవ్వుతూ చెప్తే సరే, అసలు మీరేం అడుగుతున్నారో అర్థంకాకపోతే రేస్ అయిపోయినట్టే. వెంటనే 911కి ఫోన్, మెడికల్ వాళ్ళకి కేక, వాళ్ళొచ్చేలోపు చల్లబరచడం ఆపొద్దు. తొట్టి ఉంటే తల నీళ్ళపైన ఉండేలా పట్టుకుని మెడ దాకా ఐసునీళ్ళల్లో, లేకపోతే ఐసునీళ్ళల్లో ముంచిన తువాళ్ళు ఒళ్ళంతా కప్పి మారుస్తూ ఉండాలి. ఆస్పత్రికి తీసుకెళ్ళడం కన్నా ముందు చల్లబరచడం. మసాచుసెట్స్‌లో ఆగస్టులో జరిగే ఫాల్మత్ రోడ్ రేస్‌లో 18 ఏళ్ళల్లో 274 మందికి ఇలాంటి వడదెబ్బ తగిలితే అక్కడికక్కడే ఐసునీళ్ళ తొట్టిలో పెట్టారు, ఒక్కరు కూడా పోలేదు. తెలివి లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి, పారాసిటమాల్ వేయకండి, ఈ వేడి జ్వరం కాదు.

తమ్ముడూ, ఆవిడ ఆగమంటే ఆగుతానని ఇంట్లోనే మాటివ్వు, ఎందుకంటే ఆ టైమ్‌లో నువ్వు ఒప్పుకోవు, నేను బాగానే ఉన్నానంటావు, నేనూ అదే అన్నా, తెలుగులో.

ఫినిష్ చేశాక కారు నువ్వు నడపొద్దు. ఆ రాత్రి మూత్రం కోలా రంగులో వచ్చినా, అసలు రాకపోయినా, తల పగిలిపోతూ వాంతులవుతున్నా, నిద్రపోతే తగ్గుద్దిలే అనుకోకుండా ఎమర్జెన్సీకి పో.

ఉల్లిపాయ వల్ల ఏమీ జరగదు, కానీ ఒక చిన్నది బ్యాగ్‌లో పడేసుకో, 50 గ్రాములుండదు, అమ్మ అడిగితే ఉందని నిజం చెప్పొచ్చు. నువ్వు ముందు ఆ ట్యాబ్లెట్ సీసా తీసి పేరు చూడు, డాక్టర్ ఏమన్నారో నాకు రాయి. రేస్‌కి పోవాలా వద్దా అన్నది ఆయన జవాబు వచ్చాక మాట్లాడుకుందాం.